కిష్టారం దారిలో తెరుచుకోని పేజీ

గనుల కాలనీలోని ప్రయోగశాలలో ఇనుప ఖనిజాన్ని పరీక్షించడం నా ఉద్యోగం. ఎవరేం చెప్పినా "కొలిచారా?" అని అడగడం అక్కడ అబ్బిన అలవాటు. ఆ అలవాటు మీద నమ్మకంతోనే, కుంట పట్టణంలో మోటారు పంపుల విడిభాగాలు అమ్మే మా బావ ఒక ఆదివారం నన్ను పిలిపించాడు.

దుకాణానికి ఒక పాత వెబ్‌సైటు ఉండేది. ఏ సామాను ఉందో అందులో చూసుకుని రైతులు బయలుదేరేవారు. ఎదురుగా కొత్త దుకాణం వెలిశాక మాత్రం రైతుల రాక పలచబడింది. ఇలాగే సాగితే మూసేయాల్సి వస్తుందని అక్క బెంగ పెట్టుకుంది.

నేను వెళ్లేసరికి వెబ్‌సైట్లు చేసిపెట్టే జగదల్‌పూర్ ఏజెంటు ఒకడు కూర్చుని ఉన్నాడు.

"సైటు మొబైల్‌కు సరిపోయేటట్టు మార్చాలె సార్. ఒక్క వారం లేటయితే దుకాణం బందే."

"అలా ఎన్ని మూతపడ్డాయి? మార్చినవాటినీ మార్చనివాటినీ ఎవరు పోల్చి చూశారు?"

"అందరూ అంటుండ్రు సార్."

నేను నవ్వి, నా ఫోనులో సైటు తెరిచాను. అక్షరాలు చిన్నవే అయినా వెంటనే వచ్చింది. "తొందరేమీ లేదు బావా," అన్నాను.

"తమ్ముడు చెప్పిండు కదా, ఇంక భయమెందుకు?" అంది అక్క.

నెల తరువాత, సంత రోజున, నేను మళ్లీ దుకాణంలో ఉండగా, కిష్టారం వైపునుంచి ఒక వృద్ధ రైతు కాలిపోయిన భాగాన్ని సంచిలో వేసుకుని వచ్చాడు. అది మా దగ్గర లేదు. సైటు చూడలేదా అని అడిగాను.

"సిగ్నలు కోసం గుట్టెక్కి చూసిన సారూ. గుండ్రంగ తిరుగుతనే ఉంది. నీ సైటు కన్న నా మోటారే నయం, కాలిపోయేముందు నీళ్లన్న పోసింది."

తన చిన్న ఫోను చూపించాడు. ఇక్కడ టవరు దగ్గర తెరుచుకున్నా, పేజీలో సగమే కనిపిస్తోంది. దుకాణం నంబరు తెర అంచు దాటిపోయింది. ఆయన రోడ్డు దాటి ఎదురు దుకాణంలోకి వెళ్లాడు.

ఖనిజం కుప్ప పైపైన నమూనా తీసినందుకు కొత్తవారిని ఎన్నిసార్లు మందలించానో! టవరు నీడన, ఖరీదైన ఫోనుతో నేను చేసింది సరిగ్గా అదే. ఏజెంటు దగ్గర ఆధారం లేదన్నది నిజమే. నా దగ్గర మాత్రం ఏముంది? గుట్ట మీదినుంచే విసిగి తిరిగిపోయినవారు ఏ లెక్కలోకీ రారు.

సైటంతా హడావిడిగా మార్చలేదు. బొమ్మలు తీసేసి, పైన ఫోను నంబరు, కింద దుకాణంలో ఉన్న సామాను పట్టిక, ఇంతే ఉండే ఒక తేలిక పేజీగా చేయించాం. "ఇప్పుడన్న పనిచేస్తదా తమ్ముడూ?" అని అక్క అడిగితే, "కొలిచి చెబుతాను," అన్నాను.

టీ కొట్టతని చిన్న ఫోను అడిగి తీసుకుని, బావతో కిష్టారం దారిలోని ఆ గుట్టెక్కాను. తెర మీద సున్నా తిరుగుతూనే ఉంది.

"ఏంది బామ్మర్దీ, కొలుస్తున్నవా, మొక్కుతున్నవా?"

చాలాసేపటికి నంబరు కనిపించింది. నొక్కాను.

"హలో, ఏ ఊరినుంచండీ? ఏం సామాను కావాలె?" అక్క గొంతు. చాలా రోజులుగా ఆ గొంతులో అంత ఆత్రం వినలేదు.

బావ ఫోను తీసుకుని, "మేమేనే," అన్నాడు.

"మీరా? బేరమనుకుని పుస్తకం తెరిచిన," అంది అక్క.