లాంచీ రేవులో ఆరుగురం

వరుసలో నిలబడి వంతు కోసం చూడడం నా వల్ల కాదు. పెళ్ళి బంతి అయినా, బస్సు మెట్లయినా, బ్యాంకు కిటికీ అయినా నా ముందు నలుగురుంటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది. "వీనిది పుట్టుకతోని వచ్చిన తొందర. ఏడో నెలల్నే బయటవడ్డడు" అని మా అమ్మ అందరి ముందూ వెక్కిరించేది. అది నిజమే. అట్లా తొందరపడి పుట్టిన నన్ను దూదిలో చుట్టి, ఒడిలోంచి దించకుండా, మేకపాలలో ముంచిన వత్తిని నోట్లో పిండి బతికించింది మాత్రం మా మేనత్త. అమ్మ అప్పుడు జ్వరంతో మంచం పట్టి ఉంది.

అత్త మా బాపుకు స్వయానా అక్క. ఆమెను కృష్ణ ఒడ్డున కొల్లాపూర్ దిక్కు ఒక ఊరికి ఇచ్చారు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు ఆ ఊరిని ముంచేశాయి. పరిహారం చేతికందగానే ఆమె మొగుడు ఇంకొకామెతో ఎటో పోయాడు. అత్త ఒక ట్రంకు పెట్టె, రెండు గొర్రెపిల్లలతో కల్వకుర్తి దగ్గర మా ఊరికి వచ్చేసింది. నేను పుట్టింది ఆ చలికాలమే. ఆ తర్వాత ఆమె ఎక్కడికీ పోలేదు. గొర్లను ఆమే చూసింది, నన్నూ ఆమే చూసింది. ఎవరిని ఎక్కువ తిట్టిందో చెప్పడం కష్టం.

కల్వకుర్తి బస్టాండు దగ్గర నాకొక చిన్న దుకాణం ఉంది. జిరాక్సులు తీస్తాను, ఆన్‌లైన్లో దరఖాస్తులు పెడతాను. తెలంగాణ వచ్చాక కొత్త జిల్లాలు, కొత్త కార్డులు, కొత్త పింఛన్లు వచ్చాయి. నా దుకాణం ముందు మనుషులు వరుస కట్టారు. ఏ కాగితానికి ఏ కాగితం జత చేయాలో తహసీలు ఆఫీసు వాళ్ళకన్నా నాకే బాగా తెలుసని ఊళ్ళో పేరు. ఆ పేరు విని నేను ఉబ్బిపోయేవాణ్ణి, దాచుకోవడమెందుకు.

ఒంటరి మహిళలకు పింఛను వచ్చినప్పుడు అత్తకూ పెట్టాను. మా రేషన్ కార్డులో ఆమె పేరుంటే అడ్డం వస్తుందని ముందు ఆ పేరు తీయించాను. వేరే కార్డుకు రాయించి, ఆమె ఒక్కతే ఉంటుందని, ఒక్కతే వండుకుంటుందని నింపాను. వేలిముద్ర కోసం అత్తను దుకాణానికి పిలిస్తే, మిషను మీద వేలు పెట్టబోయి ఆగింది.

"గదేంది బిడ్డా, నేను మీతోనే ఉంటి గదా?"

"కాగితం మీదనే అత్తా. ఇంట్ల ఏం మారది."

"ఇంట్ల మారనిది కాగితం మీద ఎందుకు మార్సుడు?"

నేను నవ్వి ఆమె వేలు పట్టి మిషను మీద నొక్కాను. ఆ మాటను వారం రోజులు దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించాను.

కొన్నేళ్ళకు వానలు బాగా పడి కృష్ణ నిండింది. సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ పోతోందని గొర్ల సంతలో ఎవరో అత్తకు చెప్పారు. నాలుగు రోజులు నా చుట్టూ తిరిగి, అయిదో రోజు అన్నం పెడుతూ అడిగింది.

"ఒక్కపారి మా ఊరి మీదికెల్లి పోవాలనున్నది బిడ్డా. లాంచీల ఎడమ పక్క కూసుంటె ఒడ్డుకు జంటగుండ్లు కనవడ్తయంట. గా గుండ్ల కాడనే మా ఇల్లుండె. మీకందరికి సూపియ్యాలె. నాకు గూడ ఒక ఇల్లుండె అని మీకు ఎర్క గావాలె."

తన కోసం ఆమె ఏదైనా అడగడం నాకు తెలిసి అదే మొదలు. అప్పటికే ఒక కంట్లో పొర కమ్మింది, రెండోదీ మసకబారుతోంది. అందుకని పై అంతస్తులో ఎడమ పక్క, కమ్మీని ఆనుకుని కూర్చోబెట్టాలని అనుకున్నాను. కూర్చోబెట్టడమంటే ముందెక్కాలి. ముందెక్కడమంటే అది నా పని. బాపు, అమ్మ, నా భార్య, ఇద్దరు పిల్లలు, నేను, అత్త. ఏడుగురం ఆటో మాట్లాడుకుని తెల్లారగానే బయలుదేరాం. దారిలో తినడానికి అత్త సజ్జరొట్టెలు, పల్లీల తొక్కు కట్టింది. ఆ సంచిని ఎవరి చేతికీ ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొత్త చీర కట్టుకుంది. కొల్లాపూర్ దాటినప్పటి నుంచి బయటికే చూస్తూ కూర్చుంది.

రేవు దగ్గర తిరునాళ్ళలా జనం. ఒడ్డు నుంచి లాంచీకి చెక్కల దారి వేసి, దాని మొదట్లో తాళ్ళు కట్టి రెండు వరుసలు చేశారు. మైకు పట్టుకున్న మనిషి అరుస్తున్నాడు.

"ఫ్యామిలీలు, గ్రూపులు గీ దిక్కు. ఒక్కలొక్కలు వచ్చినోళ్ళు గా దిక్కు. ముందుగాల ఫ్యామిలీలు ఎక్కుతరు."

నా సంతోషం చెప్పలేను. తోసుకోకుండా, తిట్టుకోకుండా ముందెక్కే హక్కు నాకు మొదటిసారి దొరికింది. అందరినీ కోళ్ళను తోలినట్టు తోలుకుంటూ తాడు దగ్గరికి తీసుకుపోయాను. అక్కడున్న మనిషి మా వైపు చూసి "అందరు ఒక్క ఇంటోళ్ళేనా?" అని అడిగాడు.

ఆఁ అంటే అయిపోయేది. మా ముందు వాళ్ళు అంతే అన్నారు, ఎక్కారు. కానీ ఎవరైనా ప్రశ్న అడిగితే నా చెయ్యి దానంతటదే కాగితాల సంచిలోకి పోతుంది. ప్లాస్టిక్ కవరులోంచి రేషన్ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. లాంచీ ఎక్కడానికి రేషన్ కార్డు చూపించిన మనిషి ఈ లోకంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. చేతికి కాగితం వచ్చాక ఆయన మాత్రం ఏం చేస్తాడు, చదివాడు. పేర్ల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"గిండ్ల ఆరుగురే ఉన్నరు. మీరు ఏడుగురు. గీ పెద్దమ్మ ఎవలు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. మా ఇంట్లోనే ఉంటుందంటే, ఆమె ఒక్కతే ఉంటుందని నేను నింపిన దరఖాస్తు అబద్ధమైపోతుందని భయపడ్డాను. తాడు పట్టుకున్న మనిషికి పింఛనుతో ఏం పని? అది ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు వెనక జనం "జల్ది కానియ్యిండ్రి" అని గోల పెడుతున్నారు.

"ఆమె వేరే" అన్నాను.

"గట్లయితె గా లైన్ల నిలవడమ్మా" అన్నాడాయన.

అత్త నా ముఖంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో. నేనన్నది సరిగ్గా వినబడిందో లేదో తేల్చుకుంటున్నట్టు చూసింది. నేను గొంతు తగ్గించి "నువ్వు ఎనుక ఎక్కు అత్తా, పైన నీకు జాగ ఆపుత" అన్నాను. ఆమె రొట్టెల సంచిని నా భార్య చేతికిచ్చింది. తన చిన్న గుడ్డసంచి మాత్రం పట్టుకుని, తాడు కిందుగా వంగి అవతలి వరుసలోకి పోయింది. నా భార్య నా మోచెయ్యి గిల్లింది. బాపు తల పక్కకు తిప్పుకున్నాడు. నేను నడిచాను.

పైన ఎడమ పక్క ఏడు కుర్చీలు దొరికాయి. కమ్మీని ఆనుకుని ఉన్న కుర్చీ మీద నా దస్తీ పరిచి, కాపలా కూర్చున్నాను. కింది అంతస్తు నిండింది, పైనా నిండింది. ఇంజను మొదలైంది. లాంచీ నది నడిమిట్లకు పోయేదాకా కిందివాళ్ళు పైకి రావద్దని మెట్ల దగ్గరి మనిషి ఆపేశాడు. నేను కిందికి పోవచ్చు. పోతే కుర్చీ పోతుంది. మెడలో కెమెరా వేసుకున్న ఒకాయన వచ్చి దస్తీ మీద చెయ్యి వేశాడు.

"ఎవలన్న వస్తున్నరా, లేక ఉత్తగనే ఆపిన్రా?"

"మా అత్త వస్తది" అన్నాను.

"యాడున్నది?"

"కింద ఉన్నది. వస్తది. నీకేంది?"

మాటా మాటా పెరిగింది. నిలబడి అరుచుకున్నాం. ఆ కుర్చీ మా ఇంటి మనిషిదని, మా పెద్దామెదని లాంచీ అంతా వినబడేలా అరిచాను. అరవవలసిన చోట ఆ గొంతు ఎక్కడ పోయిందో నాకు తెలియదు. ఖాళీ కుర్చీ కోసం నేను కొట్లాడుతుండగానే మా చిన్నది కమ్మీ పట్టుకుని ఎగిరింది.

"బాపూ, జంటగుండ్లు! అవ్వ జెప్పిన గుండ్లు!"

ఒడ్డున రెండు పెద్ద బండలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాటి కింద అంతా నీళ్ళే. మా బాపు లేచి నిలబడ్డాడు. అక్కను తోలుకరావడానికి ఆ ఊరికి ఎడ్లబండి కట్టుకుపోయింది ఆయనే. కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"నా తోడవుట్టినదాన్ని వేరే అంటివి. నేను గూడ నోరు మూసుకున్న. ఇద్దరికిద్దరం సరివోయినం."

దస్తీని అక్కడే వదిలేసి మెట్లు దిగి పరుగెత్తాను. కమ్మీ దగ్గర ఆమె పక్కన నిలబడి, ఆ ఇల్లు ఎక్కడో ఆమె చూపిస్తుంటే వినాలనే కదా నేను వచ్చింది.

కింద అత్త ఎడమ పక్క కిటికీ దగ్గరే కూర్చుని ఉంది. ఆమె చుట్టూ ఒక ముస్లిం కుటుంబం. కొత్తకోటలో గాజుల దుకాణం నడుపుకునే వాళ్ళట, ముసలామె నుంచి చంటిపిల్ల దాకా పద్నాలుగు మంది. ఒక్కలొక్కలుగా వచ్చినవాళ్ళ వరుసలో చివర నిలబడ్డ అత్తను చూసి ఆ ముసలామే తాడెత్తి లోపలికి లాక్కుందని తర్వాత తెలిసింది. ఈమె ఎవరని తాడు దగ్గరి మనిషి అడిగితే "మాతోని వచ్చింది" అందట. ఆమెను కాగితం ఎవరూ అడగలేదు.

అత్త కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి చూపిస్తోంది.

"గా రెండు గుండ్ల కింద, జర గిటు పక్కకు. రెండంకణాల ఇల్లు బూబమ్మా. ఎనుక గొర్లదొడ్డి. వానకాలంల గుండ్ల మీదికెల్లి నీళ్ళు జారి దొడ్లెకే వచ్చేటియి. నేను ఒక్కదాన్నే రాళ్ళు మోసి కట్ట ఏసిన. గా కట్ట జూసి మా మామ, గిది ఆడమనిషి ఏసిన కట్టనా అన్నడు. నీళ్ళొచ్చిననాడు గూడ గా కట్ట లాస్టుకు మునిగింది."

"అల్లా" అంది ముసలామె, అత్త మోకాలి మీద చెయ్యి వేసి. "గంత కట్ట ఏసి, పూరా నీళ్ళ పాలాయె గదక్కా."

నలభై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ కట్ట సంగతి నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు. ఆమె చెప్పలేదని అనను, నేను అడగలేదు.

"అత్తా, పైకి రా. నీకు జాగ వెట్టిన" అన్నాను.

ఆమె నా వైపు తిరిగి, చెయ్యి లోపలికి తీసుకుంది.

"గుండ్లు దాటినయి బిడ్డా. పైకొచ్చి ఇంకేం జూస్త? వీళ్ళతోని ఎక్కిన, వీళ్ళతోనే దిగుత."

ముసలామె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఎవరో అర్థమైనట్టుంది. "కూసో బేటా" అని పక్కకు జరిగి, డబ్బాలోంచి రెండు మురుకులు తీసి చేతిలో పెట్టింది. వద్దనడానికి మొహం చెల్లలేదు. నిలబడే తిని పైకి పోయాను. కెమెరా ఆయన అత్త కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నా దస్తీ అడిగి తీసుకున్నాను.

శ్రీశైలంలోనూ ఫ్యామిలీలే ముందు దిగాలన్నారు. ఆరుగురం దిగి ఒడ్డున నిలబడ్డాం. చాలాసేపటికి అత్త ఆ ముసలామె చెయ్యి పట్టుకుని మెల్లగా దిగింది. ఇద్దరూ కౌగిలించుకున్నారు. తర్వాత అత్త మా దగ్గరికి వచ్చి, పిల్లలు రొట్టె తిన్నారా లేదా అని నా భార్యను అడిగింది.

ఇంటికొచ్చాక ఆమె గొడవ పెట్టుకుంటుందని ఎదురుచూశాను. రెండు తిట్లు తిడితే నాకూ కొంచెం తేలికపడేది. ఆమె తిట్టలేదు. ఒకరోజు దొడ్డి దగ్గరికి పోయి నేనే ఆ మాట ఎత్తాను. "కాగితంల అట్లుండె అత్తా, అందుకని అన్న" అన్నాను. క్షమించమనాల్సిన చోట కాగితాన్ని అడ్డం పెట్టాను. "ఎర్కే బిడ్డా" అని ఆమె గొర్రెకు మేత వేసింది. వండుతుంది, పెడుతుంది, పిల్లలతో నవ్వుతుంది. కానీ పెళ్ళికో, జాతరకో బయలుదేరితే మాత్రం "మీరు పోండ్రి, నేను ఇల్లు జూసుకుంట" అంటుంది. ఆ లాంచీ తర్వాత ఆమె మాతో కలిసి ఏ బండీ ఎక్కలేదు.

ఈ మధ్య ఇంటింటి సర్వే అని ఒక బడి పంతులుగారు మా అరుగు మీద కూర్చుని కాగితాలు విప్పాడు. అత్త పక్కనే పల్లికాయలు ఒలుస్తోంది. కార్డు ఉందా అని అడిగాడాయన. లోపల ఉంది, నేను తేలేదు. పింఛను పోతే పోనీ అనుకున్నాను. అత్తకు వినబడాలని గొంతు పెంచి మరీ చెప్పాను.

"కార్డు ఎందుకు సారూ, నేను జెప్తున్న గదా. ఏడుగురం. గీమె మా అత్త, మా ఇంటి మనిషి. ఏడు రాసుకోండ్రి."

చెప్పి ఆమె వైపు చూశాను. ఇన్నేళ్ళ బరువు దిగిపోతుందేమోనని ఆశ. అత్త చేతిలోని కాయ ఒలిచి, గింజలు చేటలో వేసి, తలెత్తకుండానే అంది.

"రేవు కాడ గూడ గిదే నోరుండె గద బిడ్డా."

పంతులుగారు ఏడు అని రాసుకుని, తర్వాతి ప్రశ్న అడిగాడు.