ప్యానెల్ మీద మూడో బొట్టు

దయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. వరంగల్ మట్టెవాడలో గిన్నెల దుకాణం వాళ్ళ ఇంట్లో పుట్టి, పట్టుబట్టి ఫిజిక్స్ చదివినదాన్ని. కొలతకు అందేదే నమ్ముతాను. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబులో పరిశోధన చేసేదాన్ని. మా యంత్రం కొన్నది కాదు, మేం కట్టుకున్నది. పెద్ద అయస్కాంతం మధ్య చిన్న తీగచుట్ట, అందులో నీళ్ళ గొట్టం. ఆ నీళ్ళలోని హైడ్రోజన్ కేంద్రకాలను రేడియో పల్సుతో తిప్పితే, అవి ఇచ్చే సిగ్నల్ ఆసిలోస్కోపు తెర మీద కనబడుతుంది. పల్సు ఎంతసేపు ఉండాలో ప్యానెల్ మీద, చుట్టూ అంకెలున్న ఒక నాబ్‌తో సరిచేయాలి. మైక్రోసెకండు అటూ ఇటూ అయినా లెక్కంతా తప్పే.

రేకు కోసి ఆ ప్యానెల్ చేసింది మా మెకానిక్ సమ్మయ్య మామ. పని నేర్పిందీ ఆయనే. తెర మీద సిగ్నల్ బాగా పెద్దగా కనబడగానే నేను ఆగిపోయేదాన్ని. మాకు కావలసింది ఆ చోటే, కానీ అక్కడ పదిసార్లు చూస్తే పది అంకెలు వస్తాయి; దానికి సరిగ్గా రెట్టింపు దగ్గర మాత్రం సిగ్నల్ సున్నా అవుతుంది. మామ ఒప్పుకునేవాడు కాదు.

"పెద్దగ కనబడేది మోసం చేస్తది బిడ్డా. సున్నా చెయ్యది. సున్నా అయ్యేదాక తిప్పు, అండ్ల సగం తీస్కో."

సున్నా దొరికిన చోట ప్యానెల్ మీద తడి కుంకుమతో బొట్టు పెట్టేవాడు. దసరాకు యంత్రాలకు పెట్టే బొట్టే, ఆయనకు అదే గుర్తు.

నా పరిశోధన నాలుగో ఏడు వానాకాలంలో మామ గుండెపోటుతో పోయాడు. తర్వాత తీగచుట్ట కాలిపోతే కొత్తది నేనే చుట్టాను. ఇక సున్నా రాదే! నాబ్‌ను ఆఖరి అంకె దాకా తిప్పినా సిగ్నల్ ఇంకా మిగిలే ఉండేది. దసరా అయిన రెండో రోజు బయటినుంచి పరీక్షకుడు వస్తున్నాడు. ఆయన ముందు పనిచేయకపోతే యంత్రం స్టోర్ రూముకు పోతుంది, నా నాలుగేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది.

దసరా సాయంత్రం ల్యాబుకు వెళ్ళి అయస్కాంతానికో బొట్టు, ఆసిలోస్కోపుకో బొట్టు పెట్టాను. రెండే. మామ కూర్చునే స్టూలు మీద, దసరాకు ఆయన చేతిలో పెట్టాల్సిన జమ్మి ఆకు పెట్టి, కాసేపు ఏడ్చి, తాళం వేశాను. తాళంచెవి ఒక్కటే, అది నా కొంగునే ఉంది.

తెల్లారి తలుపు తీసేసరికి ప్యానెల్ మీద మూడో బొట్టు. అంకెలు అయిపోయాక ఉన్న ఖాళీ రేకు మీద. ముట్టుకుంటే వేలికి తడి అంటింది. వాచ్‌మన్‌ను పట్టుకుని గట్టిగా అడిగాను.

"ఎవ్వలు రాలేదమ్మా. నేను ఈడనే ఉన్న" అన్నాడు.

ఆ కోపంతోనే నాబ్ తిప్పాను. ఆఖరి అంకె దగ్గర ఆగిపోతుందనుకున్నది, బలంగా తిప్పితే ముందుకు పోయింది. సరిగ్గా బొట్టు దగ్గర తెర మీద గీత చదునైంది. సున్నా. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ అక్కడే.

నాబ్ అంత దూరం పోతుందని మామకు తెలిసే ఉంటుంది, చేసింది ఆయనే కదా. కానీ ఈ చుట్ట ఆయన పోయాక నేను చుట్టింది. దాని సున్నా ఎక్కడుందో ఆయనకెలా తెలుస్తుంది?

మర్నాడు పరీక్షకుడు గంటసేపు తనే తిప్పి చూసి, సరిగ్గా ఉందని చెప్పి, చుట్ట ఎవరు చుట్టారని అడిగాడు. నేనేనన్నాను. ప్యానెల్ ఎవరిదన్నాడు. మా సమ్మయ్య మామదన్నాను. నా జీవితంలో అంత గర్వంగా మరే జవాబూ చెప్పలేదు.

ఇప్పుడు క్వాంటం చిప్పుల మీద పనిచేసే నా శిష్యురాలు పల్సులు సరిచేసేదీ ఇలాగేనట. మేం వరంగల్‌లో రేకు ప్యానెల్ మీద ఎప్పుడో చేశామని చెప్పి మురిసిపోతాను. బొట్టు సంగతి మాత్రం మింగేస్తాను.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ బొట్టు ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. ప్రతి దసరాకు ఇంట్లో మిక్సీకో బొట్టు, కుట్టుమిషన్‌కో బొట్టు పెడతాను. మూడోది నేను పెట్టను.