డెమో క్లాసులో ‘పాస్’

బీఎడ్ అయిన కొత్తలో, కోరుట్లలోని ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం కోసం డెమో క్లాసు చెప్పడానికి వెళ్లాను. అంతకు ముందు సిరిసిల్లలో రెండు బడులవాళ్లు ‘ఫోన్ చేస్తాం’ అన్నారు. ఆ ఫోన్లు ఇప్పటికీ రాలేదు.

అందుకే ఈసారి ‘పాస్’ అనే ఒక్క మాటకున్న పన్నెండు వాడుకలు బట్టీ పట్టాను. ప్రిన్సిపాల్ సార్ వెనక బెంచీలో కూర్చున్నారు. బోర్డు మీద మాట రాసి ఇటు తిరిగేసరికి మొదటిది మరచిపోయాను. బట్టీ చదువుతో అదే చిక్కు, మొదటిది రాకపోతే మిగతా పదకొండూ రావు.

ఏం తోచక, “ఈ మాట మీ ఇంట్లో ఎవరైనా అంటారా?” అని పిల్లలను అడిగాను.

“బస్ పాస్, మేడం!”

“మా నాయిన పొలం పాస్‌బుక్కు బీరువల పెట్టిండు!”

“వాలీబాల్ ఆడంగ మా అన్న ‘పాస్ ఇయ్యిరా’ అని మొత్తుకుంటడు!”

“మీ అన్న టెన్త్ పాస్ కాలే గదా, గది గూడ చెప్పు!”

క్లాసంతా నవ్వింది. ముందు బెంచీ అమ్మాయి లేచి, “మేడం, మా నానమ్మ గూడ టైంపాస్ అంటది. గట్లయితే ఆమెకు ఇంగ్లిష్ అచ్చినట్టేనా?” అంది.

“వచ్చినట్టే” అన్నాను.

బోర్డు నిండింది. ప్రిన్సిపాల్ సార్ లేచి, “మీరేం చెప్పలేదు గదమ్మా” అన్నారు. నేను సంచీ అందుకోబోయాను. “అంత పిల్లలతోటే చెప్పిచ్చిండ్రు. సోమవారం నుంచి రాండ్రి.”

అదంతా నా తెలివి అనుకున్నారు. నేనూ కాదనలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఏ కొత్త మాటైనా ముందు పిల్లలనే అడుగుతున్నాను. అప్పుడు భయంతో చేసిన పనిని ఇప్పుడు పద్ధతి అంటున్నాను.

— స్వరూప, కోరుట్ల