పందొమ్మిది పంపులు, రెండు బిస్కెట్లు

ఆసుపత్రి రికార్డుల్లో సెలైన్ పంపులు అరవై. వార్డుల్లో కనిపించేవి నలభై ఒకటి. మిగతా పందొమ్మిది ఏ గంగలో కలిశాయో తేల్చడానికి నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఆఫ్కె నాలుగేళ్లు డాక్టరేట్ పరిశోధన చేసింది. ఆసుపత్రి సరఫరాల మీద పేజీలకు పేజీలు సమీకరణాలు రాసింది. పంపులు దొరికింది మాత్రం హెడ్ నర్సు రెన్స్కె దగ్గర కాఫీ తాగుతుంటే.

రెన్స్కె తన వార్డు అల్మారా తెరిచి, డిసెంబరులో పిల్లలకి కానుకలిచ్చే సింటర్‌క్లాస్ వేషం మూట పక్కకి జరిపింది. వెనక పందొమ్మిదీ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

"అక్కా, ఇది దొంగతనం కదా!"

"చాల్లే అమ్మాయ్. ఇచ్చేస్తే మళ్లీ నా మొహం చూస్తాయా? స్టోర్‌లో అడిగితే రేపు రమ్మంటారు. ఆ మాట రోగికి నువ్వు చెప్తావా? నోరు మూసుకుంటానని మాటివ్వు."

ఆఫ్కె మాటిచ్చింది. రెన్స్కె బిస్కెట్ డబ్బా మళ్లీ తెరిచింది. ఆ ఊళ్లో కాఫీకి ఒక్క బిస్కెట్టే, ఆపైన మూత పడుతుంది. రెండోది పెట్టారంటే ఇంటి మనిషి కింద లెక్క.

పట్టా ఇచ్చే ముందు నిండు సభలో నలభై ఐదు నిమిషాల ప్రశ్నలు. ఆసుపత్రి పాలకమండలిలో కూడా ఉన్న ప్రొఫెసర్ స్లోతెన్ చివర్లో పట్టుకున్నాడు.

"పంపులు 'ఒక వార్డులో' దొరికాయని రాశారు. ఏ వార్డు? ఆధారం చెప్పని పరిశోధనకి పట్టా ఎలా ఇమ్మంటారు?"

ఆచారం ప్రకారం తోడుగా, నల్లకోటు వేసుకుని ఆఫ్కె పక్కన నిలబడింది రెన్స్కె. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

గడువుకి ఇంకా మూడు నిమిషాలున్నాయి. ఆలస్యాలు తగ్గించడమెలాగో నాలుగేళ్లు చదివిన ఆఫ్కె, అంతే శ్రద్ధగా ఆలస్యం చేయడం మొదలుపెట్టింది. "మహాపండితులైన ప్రశ్నకర్త గారూ" అంటూ బిరుదులన్నీ చదివింది. నీళ్లు తాగింది. పేజీలు తిప్పింది.

"ఏ వార్డండీ?"

"చెప్పనండీ. చెప్తే ఆ పంపులు మీరు పట్టుకుపోతారు, మళ్లీ తిరిగిరావు. నర్సులు దాచేది అందుకే, నేను దాచేదీ అందుకే. నా పుస్తకంలో ఉన్నదంతా ఈ ఒక్క ముక్కే."

తలుపు తెరుచుకుంది. దండం పట్టుకున్న బంట్రోతు వచ్చి నేల మీద కొట్టి, లాటిన్‌లో వేళయిందన్నాడు. ఆ మాట పడ్డాక ప్రొఫెసరైనా నోరెత్తకూడదు.

పట్టా ఇచ్చారు. స్లోతెన్ కూడా సంతకం చేశాడు, కాస్త గట్టిగా నొక్కి.

విందులో రెన్స్కె డబ్బా తెచ్చి ఆయన ముందు పట్టింది. ఆయన ఒకటి తీసుకుని రెండోదానికి చెయ్యి చాచేలోగా మూత టక్కున పడింది.

ఆ తర్వాత డబ్బా మొత్తం ఆఫ్కె ఒళ్లో పెట్టింది.