సచివాలయంలో పుట్టిన తమ్ముడు

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. అంటే, ఉద్యోగం నుంచి అప్పుడప్పుడే రిటైరయ్యాను. హిందూపురంలో మా పింఛనుదారుల సంఘంలో అందరికంటే చిన్నవాణ్ణి నేనే కాబట్టి కుర్చీలు వేయడం, మంచినీళ్ళ క్యాను ఎత్తిపెట్టడం, పోయినవారికి సంతాప తీర్మానం రాయడం నా పనులు. ఎనభై దాటిన మా అధ్యక్షులవారు నన్ను ‘ఏయ్ కుర్రోడా’ అనే పిలిచేవారు. యవ్వనం ఒక్కసారే వస్తుందని ఎవరన్నారో గానీ నాకు రెండుసార్లు వచ్చింది, మొదటిసారి కంటే రెండోసారే ఎక్కువ తెలివితక్కువ పనులు చేశాను. మొదటిసారి మా నాయన భయం ఉండేది. రెండోసారి ఆ భయం లేదు. (మా ఆవిడ ఉంది గానీ, ఆమె ఒక్కసారి హెచ్చరించి తర్వాత వేడుక చూసే రకం.)

నేను పనిచేసింది ట్రెజరీలో. ఉద్యోగమంతా ఇతరుల పింఛను కాగితాలు చూసి, తప్పులు పట్టి, వెనక్కి పంపినవాణ్ణి. బళ్ళో చదివే కాలం నుంచి డైరీ రాసే అలవాటు. వాన పడిందా, కూరేమిటి, ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, అన్నీ రాస్తాను. రిటైరయ్యాక ‘ఎవరొచ్చారు’ అన్నచోట రాయడానికి ఎవరూ రావడం మానేశారు. అందుకని నేనే వీధిలోకి చూడటం మొదలుపెట్టాను. అలా నా కంట పడినవాడు దొర.

దొర అనేది మా వీధి పెట్టిన పేరు. వీధి చివర ఇస్త్రీ బండి పక్కన, మూతపడిన అంగడి అరుగు మీద ఉండేవాడు. యాభై దాటిన మనిషి. చక్కెర జబ్బుతో కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. ఒక గోనెసంచి, ఒక చంకకర్ర, అంతే ఆస్తి. కానీ చొక్కా మాత్రం ఎప్పుడు చూసినా కొత్తగా ఇస్త్రీ చేసినదే. ఇల్లు లేనివాడి చొక్కాకు ఇస్త్రీ ఎలా వస్తుంది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పీడించింది. (ఉద్యోగంలో ఉండుంటే మెమో పంపి వివరణ అడిగేవాణ్ణి.) చివరికి ఒక పొద్దున నా చొక్కాలు పట్టుకుని ఆ బండి దగ్గరికి పోయి అడిగేశాను.

“ఏం సార్, నీది నలిగిపోయిందని నాదాని మింద కన్నేసినావా?” అన్నాడు దొర.

బండి నడిపే ఆమె, వీధి మొత్తానికి ఇస్త్రీ అక్క, పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వింది. “రేత్రి నా బండికి కాపలా ఉంటాడు సార్. దానికి నేను చొక్కా ఇస్త్రీ చేసియ్యల్ల. ఊరికే ఏమిచ్చినా తీసుకోడు. దొర గదా మరి!”

ఆ ఒక్క జవాబుతో నా కుతూహలం తీరకపోగా పెరిగింది. రోజూ పోయి కూర్చునేవాణ్ణి. దొరది ధర్మవరం. పట్టుచీరలు నేసేవాడు. పెళ్ళాం పోయింది, తర్వాత కాలు పోయింది, మగ్గం తొక్కేది ఆ కాలితోనే కాబట్టి మగ్గం కూడా పోయింది. ఇప్పుడు ఇస్త్రీకి వచ్చిన చీరలకు కుచ్చులు వేసి ఆ పూట గడుపుకుంటున్నాడు. అరుగున్న అంగడిని ఎవరో సెల్‌ఫోన్ల దుకాణానికి తీసుకున్నారనీ, త్వరలో తెరుస్తారనీ అప్పుడే తెలిసింది. ఇస్త్రీ అక్క ఇంటి వెనక ఒక రేకుల గది ఖాళీగా ఉంది.

“వచ్చి ఉండప్పా అంటే రాడు సార్,” అంది అక్క. “బాడిగ తీసుకుంటేనే వస్తాడంట. ఈయప్ప కుచ్చులకు కూడే చాలీచాలదు, ఇంగ బాడిగ యాడిది? వికలాంగుల పింఛను వస్తే మాత్రం వస్తా అంటాడు.”

“పింఛనా!” అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో పలికిన ధీమా తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. “అది నాకు వదిలేయండి. నా జీవితమంతా అదే పని.”

ముందు ఆధార్ కార్డు కావాలి. అది ధర్మవరంలో, దొర ఒకప్పుడు నేసిన ఇంట్లో, రేకు పెట్టెలో ఉందన్నాడు. రైల్లో పోయాం. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వస్తుందని కిటికీలోంచి మెడ చాచి చూస్తూ, “ఇన్ని కార్లు చేస్తారంటనే, తోలుకుపోయేటోళ్ళు ఒక్కరూ అగుపడరే!” అని ఆశ్చర్యపోయాడు. ధర్మవరంలో దిగాక మాత్రం తల దించుకుని గబగబా కర్ర వేశాడు. వీధి మొగలో అడుగుపెట్టామో లేదో, “ఏం మామా, బతికే ఉండావా!”, “బావ వచ్చినాడే!” అని ఇంటింటి నుంచీ మనుషులు బయటికొచ్చారు. దొర ఎవరి ముఖమూ చూడకుండా కార్డు జేబులో వేసుకుని, “పోదాం పద సార్” అన్నాడు. ఇంతమంది ఉన్న ఊరు వదిలి హిందూపురంలో అరుగు మీద ఎందుకున్నావని తిరుగు రైల్లో అడిగాను.

“అందుకే వచ్చేసినా,” అన్నాడు. “మామా, బావా అని పిలిచేటోళ్ళ ముందర కర్ర పట్టుకొని ఎట్ల తిరగల్ల? హిందూపురంలో నేనెవురికీ ఏమీ గాను. ఏమీ గానోళ్ళ దగ్గర సిగ్గుండదు సార్.”

తర్వాత పెనుకొండ. వైకల్యం ఎంతో డాక్టర్లు పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు మాకు అక్కడ దొరికింది. నేను పద్ధతిగా అన్ని కాగితాలకూ మూడేసి జిరాక్సులు తీసి, ఫైలు కట్టి, ఆ శుభసందర్భానికి కొత్త చెప్పులు కూడా వేసుకున్నాను. అవి దారిలోనే రెండు మడమలూ కరిచాయి. ఆసుపత్రి గేటు దగ్గర నేను కుంటుకుంటూ వస్తుంటే, నా వెనక దొర ఇస్త్రీ చొక్కాతో చంకకర్ర మీద హుందాగా వస్తున్నాడు. అక్కడ వరస చూసుకునే మనిషి గబగబా వచ్చి నా చేయి పట్టుకుని, “మెల్లగ రాప్పా, ఈ కుర్చీలో కూచో” అని, దొర వైపు తిరిగి, “నువ్వు ఈయప్పకు తోడొచ్చినావా?” అన్నాడు.

“అవును సార్,” అన్నాడు దొర, కనురెప్ప కదలకుండా. “కొత్త చెప్పులు కరిసినాయి పాపం. దీనికేమన్నా పింఛను వస్తాదా?”

కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు, డాక్టరుగారు కూడా లోపలి నుంచి తొంగి చూశారు. పింఛనుకు సరిపడా సర్టిఫికెట్ కొన్నాళ్ళకు వచ్చింది. (నాకు కాదు, దొరకే.)

ఇక దరఖాస్తు. మా వార్డు సచివాలయంలో కూర్చునే అమ్మాయి ఓపికమంతురాలు. “సర్టిఫికెట్ బాగుంది సార్. ఈయన్ని ఏ ఇంట్లో చూపించల్ల? ఇల్లు లేకుంటే కంప్యూటరు ముందుకు పోదు” అంది. ఇస్త్రీ అక్క గది ఉంది గానీ, పింఛను వచ్చేదాకా ఆ గడప తొక్కనని దొర పట్టు. నేను ఏమాత్రం ఆలోచించకుండా, సభలో శాలువా కప్పించుకుంటున్నవాడి మాదిరి నిలబడి, “మా ఇంట్లో వేసెయ్ తల్లీ!” అన్నాను.

“మీకు ఏమైతాడు సార్?”

దొర ముఖం చూశాను. దొర నా ముఖం చూశాడు. “తమ్ముడు” అన్నాను. ఆ రోజు డైరీలో ‘తమ్ముడు పుట్టాడు, తల్లి సచివాలయం’ అని రాసుకుని నాలో నేనే నవ్వుకున్నాను. మా ఆవిడకు చెబితే, “పుడితే పుట్టాడు గానీ, దీంట్లో ఏదో మెలిక ఉంటుంది, చూసుకోండి” అని తన హెచ్చరిక పూర్తి చేసింది.

దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవడానికి దొర రోజూ మా వరండాలోకి వచ్చి కూర్చునేవాడు. కాఫీ ఊరికే తాగడు కాబట్టి మా ఆవిడ పాత చీరలన్నిటికీ కుచ్చులు మొలిచాయి. నేను అన్ననయ్యాను గనుక ఆమె వదిన అయింది. ఆమె వదిన అయ్యాక అతను మరిది కాక తప్పదు. నన్ను తాతా అనే పక్కింటి పిల్లలు అతన్ని చిన్నతాతా అన్నారు. ఎదురింటి అవ్వయితే మా ఇద్దరినీ కలిపి ‘అన్నదమ్ములు’ అనేసేది. మా వైపు అంతే, మనిషి రెండుసార్లు కాఫీ తాగితే వరస కలపకుండా వదలరు.

ఇంతలో దరఖాస్తు తిరస్కరించారు. కారణం, కుటుంబంలో ప్రభుత్వ పింఛను తీసుకునేవారు ఉన్నారు.

“ఎవరమ్మా అది?” అన్నాను కోపంగా.

“మీరే సార్,” అంది ఆ అమ్మాయి.

జీవితమంతా ఇతరుల కాగితాల మీద అభ్యంతరాలు రాసినవాణ్ణి, ఆఖరికి నేనే ఒక అభ్యంతరమయ్యాను. సరే, వేరు చేసెయ్ తల్లీ అన్నాను. ఆమె ఇబ్బందిగా కంప్యూటరు నా వైపు తిప్పింది. “చేర్చేది సులభం సార్, తీసేది కష్టం. పెండ్లయితే వేరు చేయచ్చు. విడాకులైతే చేయచ్చు. లేకుంటే… ఎవరన్నా పోతే తీసేయచ్చు.”

“ఎవరు?”

“ఎవరైనా పర్వాలేదు సార్,” అంది, ఎంతో మర్యాదగా.

దొర గొంతు సవరించుకున్నాడు. “వరస ప్రకారం పెద్దోనివి నువ్వే గదన్నా!”

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, “విడాకులైతే నాకేం అభ్యంతరం లేదు, వంట తప్పుతుంది” అంది. అటు అంగడి షట్టరుకు రంగులు వేయడం మొదలైంది. దొర గోనెసంచిని అరుగు మీంచి బండి కిందికి జరుపుకున్నాడు. మా ఇంట్లో మేడ మీద గది ఉంది, వచ్చి ఉండమన్నాను. “ఊరికే ఉంటే నిద్ర పట్టదన్నా” అన్నాడు. ఆ మాటతో నాకూ నిద్ర పట్టలేదు. పొరపాటున చేర్చాం, ఆయన మాకు బంధువు కాడు, విచారించి తీసేయగలరు అని అర్జీ రాసి పంపాను. ముందూ వెనకా చూసి, సంతకాలు పెట్టి, ఆధారాలు జతచేసి, ఎంతో పద్ధతిగా. ఒక్క సంగతి మాత్రం మరిచిపోయాను. వీధిలో ఎవరికీ చెప్పలేదు.

విచారణకు ఒక అధికారి వచ్చారు. నడివయసు మనిషి, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు. మా గేటు తీస్తూనే ఎదురింటి అవ్వను అడిగారట, ఈ ఇంట్లో ఉండే కుంటాయన సారుకు ఏమైతాడని. పింఛను ఇవ్వడానికే వచ్చారనుకుంది ఆమె. అంతే, నేను చెప్పులేసుకుని బయటికి వచ్చేలోపల వీధి మొత్తం సాక్ష్యానికి దిగింది.

“సొంత తమ్ముడే సామీ! నేను సిన్నప్పట్నుంచీ చూస్తాండా” అంది అవ్వ. (ఆమె దొరను చూసి ఆరు నెలలు కాలేదు.)

“ముక్కు చూడండి సార్, ఇద్దరికీ ఒకటే ముక్కు” అన్నాడు పాలాయన.

“చిన్నతాత మాకు రోజూ కథలు చెప్తాడు” అన్నారు పిల్లలు.

“అన్నదమ్ములంటే అట్లుండల్ల సార్, ఇంగ మీరేం ఆలోసన చేయొద్దు, రాసేయండి” అన్నారు ఇంకెవరో వెనక నుంచి. నేను చేతులు ఊపుతూ కళ్ళతో సైగలు చేస్తున్నాను, వాళ్ళు దాన్ని ఆనందం అనుకుని ఇంకా గట్టిగా చెబుతున్నారు.

అధికారి కళ్ళద్దాలు పైకి తోసుకుని ఫైలు చూశారు. “కాయితంలో ఇద్దరి నాయనలూ వేరే ఉండారు. వీధేమో ఒకే నాయన అంటాంది. మీ నోటితో మీరు చెప్పండి. ఈయన మీకేమైతాడు?”

చెప్పవలసింది రెండే మాటలు. అవి నిజం కూడా. కానీ మా ఆవిడ గుమ్మంలో ఉంది, అవ్వ నా నోటివంకే చూస్తోంది, దొర నా పక్కనే కర్ర మీద నిలబడి ఉన్నాడు. ధర్మవరం నుంచి వచ్చేటప్పుడు రైల్లో అతనన్న మాట గుర్తొచ్చింది. ఎవరికీ ఏమీ కాకుండా బతకడానికి ఈ ఊరొచ్చినవాడికి నేనే ఒక వరస కట్టబెట్టి, ఇప్పుడు పదిమందిలో అది తెంపాలి.

దొర ఒక అడుగు ముందుకేశాడు. చొక్కా సర్దుకున్నాడు. “నేను ఈ సారుకు ఏమీ గాను సార్. సారు నాకేమీ గాడు. ఎవురో తెల్దు,” అని గట్టిగా చెప్పాడు. చెప్పి, గుమ్మం వైపు తిరిగి, “వదినా, సారు ఎండన పడి వచ్చినారు, కాఫీ పెట్టు” అన్నాడు.

అధికారి నవ్వాపుకోలేక కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “నేను కాయితాన్నే నమ్మల్ల గదప్పా,” అని నా వైపు చూశారు. నేను తల ఊపాను. ఆయన రాసుకున్నారు, నేను సంతకం పెట్టాను. జీవితంలో ఎన్నో సంతకాలు చేశాను గానీ అంత వంకరగా ఎప్పుడూ రాలేదు. ఎదురింటి అవ్వ మాత్రం చాలా రోజులు నాతో మాట్లాడలేదు. “తోడబుట్టినోన్ని కాదన్నోడు మనిషేనా?” అని మా ఆవిడతో అందట.

ఈసారి దరఖాస్తులో అక్క రేకుల గదినే ఇల్లుగా చూపించాం, పింఛను చేతికొచ్చేదాకా అందులో అడుగు పెట్టనన్న షరతు మీద దొర దానికి ఒప్పుకున్నాడు. పింఛను వచ్చింది. మంజూరు కాగితం చేతికొచ్చిన పూటే దొర తన సంచితో ఇస్త్రీ అక్క ఇంటి వెనకకు చేరాడు, అటు అరుగు మీద కొత్త దుకాణం బోర్డు లేచింది. ఒకటో తేదీ పొద్దున సచివాలయం అమ్మాయి ఆ రేకుల గది ముందు నిలబడి దొర వేలిముద్ర తీసుకుని పింఛను చేతిలో పెట్టింది, దొర అక్కడికక్కడే అక్కకు బాడిగ ఇచ్చాడు. చూద్దామని నేనూ పోయాను. తలుపు తీసే ఉంది గదా అని లోపలికి అడుగుపెట్టబోతే, “ఆగన్నా, బయటికి పో” అన్నాడు. తలుపు వేసి లోపల గడియ పెట్టుకున్నాడు. “ఇప్పుడు తట్టు.”

అప్పటి నుంచి ఎన్నో ఒకటో తేదీలు గడిచాయి. సంఘంలో నాకంటే చిన్నవాళ్ళు చేరారు, నీళ్ళ క్యాను వాళ్ళెత్తుతున్నారు, నా రెండో యవ్వనం కూడా అయిపోయింది. మోకాళ్ళు నొప్పి, మా వీధి చివరిదాకా పోవడానికి నాకూ ఇప్పుడొక కర్ర కావాలి. అయినా ఒకటో తేదీ పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయి ఆ రేకుల తలుపు తడతాను. నా అడుగుల చప్పుడు, నా కర్ర చప్పుడు అతనికి బాగా తెలుసు. అయినా లోపలి నుంచి ప్రతిసారీ, “ఎవురూ?” అంటాడు.

“నీకేమీ గానోణ్ణి” అంటాను.

అప్పుడు గడియ తీస్తాడు.