హేమ్లి మంచె

ఖమ్మం బస్టాండు దగ్గరి ఏడంతస్తుల మేడకు బోర్డులు మారుతూనే ఉన్నాయి, ఊడ్చే మనిషి మాత్రం మారలేదు. కారేపల్లి దగ్గరి తండా నుంచి హేమ్లి పనికి కుదిరిన రోజుల్లో అది లాడ్జి. పైకప్పు మీద దుప్పట్లు ఆరేవి. తర్వాత కాలేజీ అయింది; పిల్లలు పుస్తకాలు పట్టుకుని అక్కడే తిరుగుతూ బట్టీ పట్టేవారు. ఆ తర్వాత దవాఖానా. రోగుల చుట్టాలు అక్కడే సద్దిమూటలు విప్పేవారు. ఇప్పుడు కింద బట్టల షోరూం, పైకప్పు మీద రంగుదీపాల హోటలు.

హేమ్లి లెక్కలో మాత్రం అది ఎప్పుడూ మంచె. శ్రావణంలో తండా ఆడపిల్లలు, పెళ్లికానివాళ్లు, గంపల్లో గోధుమలు చల్లి, ఎత్తైన మంచె మీద పెట్టి, తొమ్మిది రోజులు పాడుతూ నీళ్లు పోస్తారు. అదే తీజ్. హేమ్లి కూతుళ్ల గంపలు ఈ మేడమీదే పచ్చబడ్డాయి. ఈసారి షోరూంలో పనిచేసే మనవరాలు సువర్ణకు తండాకు పోవడానికి సెలవు దొరకలేదు.

"ఖమ్మంల ఇంతకన్న ఎత్తు మంచె యాడున్నదే?" అంటూ హేమ్లి ఆమె గంపను నీళ్ల ట్యాంకు పక్క దిమ్మె మీద పెట్టించింది.

హోటలు తెరవడానికి ముందురోజు కొత్త మేనేజరు అనిల్‌కుమార్ దాన్ని చూశాడు.

"ఏందమ్మా ఇది? సెల్ఫీలు దిగే కాడ గడ్డిగంపేంది? దించెయ్."

"నడుమల దించితే తీజ్ చెడుతది సారూ. నువ్వే దించు. పిల్ల మొక్కు చెడితే నేను అడుగ, మా దేవుడు సేవాభాయే అడుగుతడు."

అనిల్‌కుమార్ గంప అంచు పట్టుకున్నాడు, వదిలేశాడు. ఏం చేయాలో తోచని చేతుల్ని జేబుల్లో పెట్టుకున్నాడు.

"సరే, అడ్డం పరదా కట్టు."

ఏడో అంతస్తు గాలి ఆ పరదాను ఎక్కడ ఉండనిస్తుంది? మర్నాడు సాయంత్రం అది ఎగిరింది. ఖానాపురం హవేలి నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి భార్య మొలకల్ని చూసి చెప్పులు విడిచింది.

"మా తండాల తీజ్ చూసి ఎన్నేండ్లాయెనో," అని చేతులు జోడించింది. ఆమె పిల్లలు ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు చూసి ఇంకొన్ని కుటుంబాలొచ్చాయి. డ్యూటీ దిగిన సువర్ణ నీళ్లు పోస్తూ పాడే వేళకు ట్యాంకు పక్క బల్లలన్నీ నిండిపోయేవి.

తొమ్మిదో రోజు గంప తీస్తుంటే అనిల్‌కుమార్ పరుగున వచ్చాడు.

"హేమ్లమ్మా, ఇంకో వారం ఉంచరాదు? మంచిగ నడుస్తున్నది."

"ఇయ్యాల నీళ్లల్ల కలపాలె సారూ. గంత ముచ్చటైతే వచ్చే శ్రావణం నువ్వే పెట్టు. ఉప్పు లేని తిండి తినాలె, పాటలు నేర్వాలె. ఇంతకు నీకు పెండ్లయిందా?"

"అవ్, అయింది."

"అయితే పనికిరావు తియ్."

సువర్ణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనిల్‌కుమార్ కూడా నవ్వేసి, కస్టమర్లకు మాత్రమే అని రాసున్న లిఫ్టు తలుపు తానే పట్టుకుని నిలబడ్డాడు. గంప నెత్తిన పెట్టుకున్న సువర్ణను జాగ్రత్తగా వంగమన్నాడు. ఆమె వంగలేదు. మొలకలే లిఫ్టు కప్పుకు తగిలి కాస్త వంగాయి.