తెరుచుకోని కుడి తలుపు

దెయ్యాలూ ఆత్మలూ ఉన్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఉన్నాయన్నవాళ్లతో ముప్పై ఏళ్లుగా సభల్లో, పత్రికల్లో, చివరికి పెళ్లి పంక్తుల్లో కూడా వాదించాను. అందుకే ఇది రాయడం నాకు రోతగా ఉంది. రాయకపోతే దాచానంటారు. దాచడం నా పద్ధతి కాదు.

రెండేళ్ల కిందట కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒకాయన వాడిన కారు కొన్నాను. ఏసీ తగ్గించాలంటే రోడ్డు మీంచి చూపు తిప్పి తెర మీద మూడు చోట్ల వేలు పెట్టాలి. కలకత్తా ఎండకీ దుమ్ముకీ నెత్తిన అద్దపు కప్పు ఎవరడిగారో తెలీదు. పక్క సీట్లో కూరగాయల సంచి పెడితే బెల్టు పెట్టుకోమని ఇల్లు చేరేదాకా మోగుతుంది. బుద్ధి ఉన్నవాడెవడూ దీన్ని సౌకర్యం అనడు.

ఆ బండిలో నేను గౌరవించిన వస్తువు ఒక్కటే, వెనక తలుపుల చైల్డ్ లాక్. తలుపు తెరిస్తే అంచున చిన్న మీట కనిపిస్తుంది. కిందికి నొక్కితే ఆ తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. పైకి లేపితే తెరుచుకుంటుంది. వైరు లేదు, కంప్యూటరు లేదు. తలుపు మూసి ఉండగా దాన్ని ఎవరూ కదపలేరు.

మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఖిదిర్‌పూర్‌లో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. నాన్న అక్కడి ఓడల డాకులో క్రేన్ నడిపేవాడు. పోయి పదకొండేళ్లయింది. పూజ చెయ్యని బండి ఎక్కనని అమ్మ ఏడాది పైగా మొండికేసింది. విశ్వకర్మ పూజనాడు ఆ వీధిలో ప్రతి లారీకీ దండ పడుతుంది, నా కారుకి తప్ప. "నిమ్మకాయని సూస్తే భయవేటిరా నీకు?" అని వీధంతా వినేలా అడిగేది. అందరూ నవ్వేవారు. చక్రం కింద నిమ్మకాయ తొక్కించి బ్రేకుల సంగతి మరిచిపోయేవాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు.

కంటి ఆపరేషన్ అయ్యాక బస్సు ఎక్కలేక చివరికి నా కారే ఎక్కింది. ఎడమ మోకాలు వంగదు, సీటు మీదికి చాపుకోవాలి. అందుకని వెనక కుడివైపు, నా సీటు వెనకాల కూర్చుంటానంది. లోపల చిక్కుకుపోతానని భయపడితే, నేనే ముందు అక్కడ కూర్చుని తలుపు మూసి, లోపలి నుంచి తెరిచి చూపించాను. మీట పైకే ఉంది. నా కళ్లతో చూశాను.

మధ్యాహ్నం మూడింటికి ఖిదిర్‌పూర్ బజారు రోడ్డులో, తమ్ముడి సందు మొదట్లో ఆపాను. ముందు ఎడమవైపున్న నా భార్య తలుపు తీసుకుని దిగింది. "ఆగమ్మా, నేను తీస్తాను" అనేలోపే అమ్మ తన తలుపు పిడి లాగింది. అది రోడ్డువైపు తలుపు. రాలేదు.

"ఏటిరా, రాదేటి ఈ తలుపు? నన్ను ఇందులో ఊరగాయెట్టేస్తావేటి?"

ఇంకో రెండుసార్లు లాగింది. పిడి టకటకమనడం నేను విన్నాను. భుజంతో తోసింది కూడా. అంతలో వెనక నుంచి ఒక బస్సు వచ్చి నా వైపు అద్దాన్ని ఊడబెరుక్కుని పోయింది. తలుపు తెరుచుకుని ఉంటే ఆ పాటికి మా అమ్మ కాలు రోడ్డు మీద ఉండేది.

దిగి బయటి పిడి లాగాను. వెంటనే తెరుచుకుంది. అంటే తాళం పడలేదు. మీట పైకే ఉంది. అమ్మను దించి, నేను లోపల కూర్చుని మూసి లాగాను. తెరుచుకుంది. ఇరవైసార్లు చేశాను. లాగుతూ తోస్తే గొళ్ళెం బిగుస్తుందేమోనని అలా కూడా చేశాను. ప్రతిసారీ తెరుచుకుంది. మర్నాడు మెకానిక్ తలుపు విప్పి, అంతా చూసి, "కిచ్ఛు నేయీ, దాదా" అన్నాడు. ఏ లోపమూ లేదట.

అమ్మకి మాత్రం అనుమానం లేదు. "మీ నాన్నే పట్టుకున్నాడ్రా తలుపు. ఇంకెవుడు పడతాడు?"

బస్సు తగిలిన రోజు సాయంత్రానికే ఆ మాట డాకు వీధంతా పాకింది. ఎవరో పిడికి కుంకుమ రాశారు. ఎవరో నా బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టారు. మా తమ్ముడు టీ కొట్టు దగ్గర, "మా అన్న నోరు మూయించిన కారు ఇదే" అంటూ నలుగురికి చూపిస్తున్నాడు. పెట్రోలు గుడ్డతో కుంకుమ తుడిచేశాను. ఒక్కడైనా ఆ బస్సువాణ్ణి తిట్టలేదు. అందరూ తలుపుకి దణ్ణం పెట్టారు.

తర్వాతి వారం అమ్మను ఎక్కించే ముందు ఆ మీట కిందికి నొక్కాను. అమ్మ చూసింది.

"ఏటి సేస్తన్నావు?"

"లోపల్నించి తెరుచుకోకుండా."

"మీ నాన్నుండగా అదెందుకురా?"

"నాన్న ప్రతిసారీ వస్తాడనేముందమ్మా?" అన్నాను, విసుగ్గా.

అమ్మ వెంటనే అందుకుంది. "అయితే ఆవేళొచ్చినట్టే కదేటి?"

ముప్పై ఏళ్ల వాదనల్లో నన్ను ఎవరూ అలా పట్టుకోలేదు. రాలేదన్నాను. మరి తలుపు ఎవరు పట్టుకున్నారంది. తెలీదన్నాను.